ఓడ దిగని ముహూర్తం

కాబోయే వియ్యంకుడు వీరరాఘవులు గారు మా ఇంటికి ఎప్పుడొచ్చినా కాఫీ గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాకే అసలు మాట మొదలుపెడతారు. అందుకని ఆయన తాగినంతసేపూ నా గుండె దడదడలాడుతూనే ఉంటుంది. పెరట్లో మంచు ముద్దలు ఇంకా పూర్తిగా కరగని ఒక శనివారం, ఆయన గ్లాసు కింద పెట్టి, మీసం తుడుచుకుని, "చెల్లెమ్మా, పిల్లల నిశ్చితార్థం శాంటొరినీలో చేద్దామనుకుంటున్నాను" అన్నారు.

వాళ్లుండేది మా కిచెనర్‌కు గంట దూరంలో, హామిల్టన్‌లో. అక్కడ కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు కాబోలు అనుకున్నాను. "పార్కింగుకు చోటుంటుందా అన్నయ్యగారూ?" అని అడిగాను.

మా అమ్మాయి మృదుల పగలబడి నవ్వింది. "అమ్మా! అది గ్రీస్‌లో ఐలాండ్. సముద్రం మధ్యలో!"

ఆయన ఫోన్ తీసి ఫొటోలు చూపించారు. కొండ అంచున తెల్లటి ఇళ్లు, నీలం గుమ్మటాలు, ఎక్కడో పాతాళంలో సముద్రం. అందరూ ఆహా అన్నారు. నాకు మాత్రం ఆ మెట్ల పక్కన పిట్టగోడ లేకపోవడమే కనిపించింది. చీర కుచ్చిళ్లు తొక్కుకుంటే నేరుగా నీళ్లలోకే.

"ఏథెన్స్ దగ్గర ఓడెక్కుతాం. మనవాళ్లు ముప్ఫైమంది. ఓడ ద్వీపం ముందు ఆగుతుంది. అక్కణ్నుంచి చిన్న పడవల్లో ఒడ్డుకు దింపుతారు. పైన ఒక హోటలు డాబా మాట్లాడతాను. ఆ నీలం గుమ్మటం ముందు తాంబూలాలు మార్చుకుందాం. ఏమంటారు బావగారూ?" అని మా ఆయన వైపు తిరిగారు.

మా ఆయన మధుసూదన్ కిచెనర్‌లోనే కారు విడిభాగాల ఫ్యాక్టరీలో సూపర్వైజరు. ఎవరేమన్నా ముందు తలూపుతారు. ఆ తర్వాత నన్ను చూస్తారు. ఇప్పుడూ అంతే చేశారు. వీరరాఘవులు గారి భార్య శాంత వదిన మాత్రం కాగితపు రుమాలును మడత మీద మడత పెడుతూ కూర్చుంది.

నాకు సముద్రమంటే భయం. ఓడ మునుగుతుందని భయం, మునగకపోతే కడుపులో తిప్పుతుందని భయం. పాస్‌పోర్టులు ఎవడో కొట్టేస్తాడని, ఆ కొండ మెట్లు గాడిదల మీద ఎక్కిస్తారని, పట్టుచీర ఉప్పునీళ్లకు పాడవుతుందని భయం. కానీ వీటన్నిటికన్నా పెద్ద భయం ఇంకొకటుంది. వద్దంటే వాళ్లేమనుకుంటారో! మృదుల, వాళ్లబ్బాయి జయదేవ్ మా పక్కనే వాటర్లూలో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డారు. ఆ అబ్బాయి మా ఇంటికొస్తే తిన్న కంచం తనే కడిగి పెడతాడు. అలాంటి సంబంధం నా భయాల మూలంగా చెడిపోతే నన్ను నేనే క్షమించుకోలేను.

"మీ ఇష్టమే మా ఇష్టం అన్నయ్యగారూ" అన్నాను.

*

వాళ్లు వెళ్లాక మెట్లు దిగి బేస్‌మెంట్‌లోకి వెళ్లాను. అక్కడ ధాత్రి, మీనాక్షి అద్దెకుంటారు. పేరుకు అద్దె గానీ వాళ్ల గిన్నెలన్నీ నా వంటింట్లో, నా గరిటెలన్నీ వాళ్ల దగ్గరే. కాలేజీలకు మన పిల్లలు విమానాలు విమానాలుగా దిగిన ఏడాది వచ్చారు ఇద్దరూ. మీనాక్షిది ఒంగోలు, ధాత్రిది కరీంనగర్. కిందటేడు చలికాలంలో నేను వాకిట్లో మంచు మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంటే, పొద్దున క్లాసుకు, సాయంత్రం కాఫీ షాపులో డ్యూటీకి వెళుతూ, ఆ మధ్యలో వచ్చి నాకు జడ వేసింది ధాత్రి. మా మృదులకు అన్నం కలిపి పెట్టింది కూడా ఆ పిల్లే. "నా ఎంగేజ్‌మెంట్‌కి హారతి పళ్లెం పట్టుకునేది నువ్వే" అని మృదుల దానికి ఎప్పుడో మాటిచ్చేసింది.

ఇప్పుడేమో ఈ పిల్లలిద్దరి వర్క్ పర్మిట్ అప్లికేషన్లు మధ్యలో ఉన్నాయి. ఇక్కడ ఉన్నంతకాలం ఫరవాలేదట. దేశం దాటి వెళితే తిరిగి రానిస్తారో లేదో ఎవరూ గట్టిగా చెప్పరట.

సంగతి చెప్పాను. ధాత్రి నవ్వుతూనే వింది.

"గ్రీసా? మస్తుంటది ఆంటీ. నేను వీడియో కాల్‌ల హారతి ఇస్తలే. ఫోన్‌ను గుండ్రంగ తిప్పుర్రి, సరిపోతది."

మీనాక్షి కూడా నవ్వింది. ఆ తర్వాత ధాత్రి సింకు దగ్గరికెళ్లి, అప్పటికే కడిగిన గిన్నెల మీద కొళాయి తిప్పి, అటు తిరిగే నిలబడింది. నేను పైకి వచ్చేశాను. ఆ నీళ్ల చప్పుడు వంటింట్లోకి వినపడుతూనే ఉంది.

*

పంచాంగం పని మొదలైంది. మా చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ పురోహితులు విశ్వనాథం గారే. వారమంతా కంప్యూటర్ల ఆఫీసు, శని ఆదివారాలు పౌరోహిత్యం. జూలైలో ఆషాఢం కాబట్టి పనికిరాదని, శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున పదిన్నర దాటాక దివ్యంగా ఉందని వాట్సాప్‌లో పంపారు. శ్రావణమంటే ఇక్కడి లెక్కన ఆగస్టు. వీరరాఘవులు గారు ఆ ఆదివారం పొద్దున్నే శాంటొరినీ దగ్గర ఆగే ఓడను వెతికి పట్టుకుని టికెట్లు తీసేశారు. నేను పట్టుచీరలు బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టి, మళ్లీ తీశాను.

మే నెలలో ఒక ఉదయం మా ఆయన ఇడ్లీ తింటూ ఫోన్ చూస్తూ, "ఇదేదో మన శాంటొరినీ గురించే వేశారే" అన్నారు.

"ఏమైంది? మునిగిందా?"

"ద్వీపమెలా మునుగుతుందే? జనం ఎక్కువైపోయారట. ఓడల్లో వచ్చేవాళ్లను రోజుకు ఎనిమిది వేలమంది వరకే రానిస్తారట. ఇక జూలై నుంచి దిగే ప్రతి మనిషికీ రుసుము. వేసవిలో ఎక్కువ, చలికాలంలో తక్కువ."

"మరి మన ఓడ వెళ్లేసరికి ఆ లెక్క నిండిపోతే?"

"ఓడలకు ముందే వంతులు ఇస్తారటలే."

వంతులు అనగానే నాకు తిరుమల కళ్లముందు మెదిలింది. పెళ్లైన కొత్తలో దర్శనానికి వెళితే మమ్మల్ని కంపార్ట్‌మెంట్‌లో కూర్చోబెట్టి తలుపు వేశారు. అదిగో ఇదిగో అంటూ అందులోనే పొద్దు గడిచిపోయింది. దేవుడి గుడి కాబట్టి గోవిందా గోవిందా అనుకుంటూ కూర్చున్నాం. ఇక్కడ నడిసముద్రంలో, ముప్ఫైమంది బంధువులతో, ఎండిపోతున్న తమలపాకులతో ఏమనుకుంటూ కూర్చోవాలి? గేటు తెరిచేసరికి ముహూర్తం కాస్తా దాటిపోతే?

కాఫీ షాపు డ్యూటీకి బయల్దేరుతూ వంటింట్లోకి వచ్చిన ధాత్రి ఆ వార్త మా ఆయన భుజం మీదుగా చదివింది. "అక్కడ గూడ మనోళ్ల లెక్కనే జనం ఎక్కువైన్రట ఆంటీ" అంది. "మొన్న బస్సుల ఒకాయన గిట్లనే అన్నడు, మీరందరూ ఒక్కసారే వచ్చిన్రు, మాకు జాగ లేదని."

"నువ్వేమన్నావే?"

"నా సీట్ల కూసోమన్న. కూసున్నడు. థాంక్యూ గూడ చెప్పిండు." దానికదే నవ్వుకుంటూ బూట్లు తొడుక్కుంది.

*

భయం లోపల దాచుకుంటే నాకు అన్నం అరగదు. వీరరాఘవులు గారికి ఫోన్ చేశాను.

"చెల్లెమ్మా, అదంతా ఓడ కంపెనీ చూసుకుంటుంది. రుసుము కూడా వాళ్లే టికెట్లో కలిపి కట్టించుకుంటారు. మీరు చీర సంగతి చూసుకోండి చాలు."

"అది కాదన్నయ్యగారూ, ఒకవేళ..."

"ఒకవేళ అన్న మాట ఇవాళ్టినుంచి మన రెండిళ్లలోనూ నిషేధం!" అని పెద్దగా నవ్వి పెట్టేశారు.

జూన్ నెల మధ్యలో ఆయనే ఫోన్ చేశారు. ఈసారి నవ్వలేదు. ఓడ కంపెనీ నుంచి మెయిల్ వచ్చిందట. ద్వీపం దగ్గర కొత్త నిబంధనల వల్ల ఓడల వంతులు సర్దారట. మా ఓడ పొద్దున కాకుండా మధ్యాహ్నం దాటాక ఆగుతుందట, జనం సాయంత్రం దిగుతారట. ముహూర్తం వేళకు ఓడ ఇంకా నీళ్ల మీదే ఉంటుంది.

నా జీవితంలో నేను భయపడ్డవాటిలో నిజంగా జరిగింది ఇదొక్కటే. అదేం చిత్రమో, జరిగాక భయం వేయలేదు. 'చూశావా, నేను చెప్పలేదూ' అని కూడా అనాలనిపించలేదు. కళ్లముందు మృదుల ముఖమే ఆడింది. అది అప్పటికే చీరకు సరిపోయే నీలం గాజులు తెప్పించుకుంది.

*

ఆ ఫోన్ వచ్చిన వారంలోనే ఆదివారం అందరం మా ఇంట్లో కూర్చున్నాం. వీరరాఘవులు గారు, శాంత వదిన, జయదేవ్ హామిల్టన్ నుంచి వచ్చారు. విశ్వనాథం గారిని పిలిపించాం. ధాత్రి, మీనాక్షి పకోడీలు వేస్తామని వంటింట్లో చేరారు. వీరరాఘవులు గారు ఈసారి కాఫీ గ్లాసు ముట్టుకోకుండానే మొదలుపెట్టారు.

"పంతులుగారూ, ఓడ డెక్కు మీదే కానిచ్చేద్దాం. సముద్రం, ఆకాశం, చల్లగాలి. దానికేం తక్కువ?"

జయదేవ్ నెమ్మదిగా, "నాన్నా, షిప్ మీద దీపం వెలిగించనివ్వరు. హారతి కూడా. Open flame not allowed" అన్నాడు.

"బ్యాటరీ దీపాలు లేవూ?"

"కర్పూరం కూడా బ్యాటరీదే తెస్తారా?" అంది శాంత వదిన. ఆమె మా ఇంట్లో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

విశ్వనాథం గారు పకోడీ చేతిలో పట్టుకుని మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూశారు. "ఓడేమిటండీ? ఏ ఓడ?"

"అదే, శాంటొరినీ వెళ్లే ఓడ. నిశ్చితార్థానికి" అన్నారు మా ఆయన.

"నిశ్చితార్థం గ్రీస్ దేశంలోనా!" పంతులుగారు పకోడీ పళ్లెంలో పెట్టేశారు. "అయ్యా, ఆ మాట నాకెవరు చెప్పారు?"

మా ఆయన వీరరాఘవులు గారిని చూశారు. వీరరాఘవులు గారు మా ఆయన్ని చూశారు. "మగపిల్లవాడి తరఫున మీరు చెప్పారనుకుని మేము..." "ఆడపిల్ల తరఫున మీరు చెప్పుంటారని మేము..." అని ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆగిపోయారు.

"తాంబూలాలు పుచ్చుకునేది ఆడపిల్ల వారింట్లో కదా, అడగడమెందుకని నేను కిచెనర్‌కే లగ్నం కట్టాను" అన్నారు పంతులుగారు. "ఆ పదిన్నర ఈ ఇంటి పదిన్నర. ఆ ద్వీపంలో ఆ వేళకు ఆ లగ్నం ఉండదు. ఓడ పొద్దున్నే చేరినా ఉపయోగం లేదు!"

ఇన్నాళ్లూ ఓడ చేరుతుందా, దింపుతారా, గేటు తీస్తారా అని ఆరాటపడ్డాం. చేరినా అక్కడ మాకోసం ముహూర్తం కాచుకుని లేదన్నమాట.

వీరరాఘవులు గారు ఇంజనీరు. అంత తొందరగా వదలరు. వేళ్లు మడిచి లెక్కేసి, ముఖం వెలిగిపోతుండగా, "ఉండండి ఉండండి! ఇక్కడ పొద్దున పదిన్నర అంటే అక్కడ సాయంత్రం అయిదున్నర. ఓడ కొత్త వంతు కూడా సాయంత్రమే! క్షణం అదే కదండీ, అతికినట్టు సరిపోయింది!" అన్నారు.

"క్షణం అదే. ఆకాశం అది కాదు" అన్నారు పంతులుగారు. "లగ్నం గడియారంలో ఉండదండీ. ఏ ఊరి మీద ఏ రాశి ఉదయిస్తోందన్నది లెక్క. ఇక్కడి తూర్పు వేరు, అక్కడి తూర్పు వేరు. ఆ ఊరికి వేరే కట్టమంటే కడతాను. కానీ ఆ వారంలో ఆ సాయంత్రాలు ఏవీ అంత బాగాలేవు."

ఆయన ఫోన్‌లో పంచాంగం తిప్పుతున్నారు. వంటింట్లో నూనె చిటపట వినిపిస్తోంది. గుమ్మంలో ధాత్రి చిల్లుల గరిటె పట్టుకుని నిలబడి ఉంది. నేను చూడగానే గబుక్కున లోపలికి తప్పుకుంది.

ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను. చెబితే సంబంధం ఏమవుతుందో తెలియదు. చీర చెంగు వేలికి చుట్టుకున్నాను.

"అన్నయ్యగారూ, ముహూర్తం ఈ ఇంటికి వచ్చింది. దాన్ని ఇక్కడే ఉండనిద్దాం. మా పెరట్లో చేద్దాం."

ఆయన తలెత్తారు. నేను ఆగితే మళ్లీ భయం పట్టుకుంటుందని ఆగలేదు.

"మీరింత ప్రేమగా తలపెట్టారు, కాదనడానికి నోరు రాక అప్పుడు సరేనన్నాను. కానీ మా ఇంట్లో మృదుల తర్వాత మృదులంతటి పిల్ల ఇంకొకతె ఉంది. ధాత్రి. దాని కాగితాలు తేలేదాకా అది దేశం దాటలేదు. హారతి అది పట్టుకోవాలని నా కూతురు మాటిచ్చింది. అది లేకుండా ఎంత అందమైన చోట చేసినా నాకు కళ్లు నిండవు. నాకు సముద్రమంటే భయం, నిజమే. ఇది మాత్రం భయంతో అంటున్న మాట కాదు."

మృదుల వచ్చి నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"బేస్‌మెంట్‌లో ఉండే అమ్మాయేనా?" అన్నారు వీరరాఘవులు గారు.

"అవునండీ."

"నేనూ బేస్‌మెంట్‌లోనే ఉన్నాను చెల్లెమ్మా." ఆయన వంటింటి గుమ్మం వైపు చూశారు. "హామిల్టన్ వచ్చిన కొత్తలో. స్టావ్రోస్ అని ఒక గ్రీకాయన ఇంట్లో. కిటికీ కూడా సరిగ్గా లేదు. గోడకు ఒక క్యాలెండరు వేలాడేది, అందులో ఈ నీలం గుమ్మటం. ఏడాది దాటిపోయినా ఆయన దాన్ని తీయలేదు, నేనూ తీయనివ్వలేదు. పొద్దున్నే లేచి దాన్నే చూసేవాణ్ని. నా ఇంట్లో మొదటి శుభకార్యం ఆ గుమ్మటం ముందే చేస్తానని అప్పుడే అనుకున్నాను."

ఆయనేదో గొప్ప కోసం శాంటొరినీ అంటున్నారనుకున్నాను ఇన్నాళ్లూ.

"ఆ స్టావ్రోస్ గారు ఇప్పుడెక్కడున్నారు?" అని అడిగాను.

"హామిల్టన్‌లోనే. పెద్దవాడైపోయాడు. ప్రయాణం చేయలేడు."

"ఓడ ఎక్కలేరు గానీ కారెక్కి కిచెనర్ రాలేరా?" అంది శాంత వదిన. అని, ఇక దాచడం దేనికన్నట్టు నా వైపు తిరిగింది. "నాకూ నీళ్లంటే భయమే వదినా. ఈ మూడు నెలలుగా కలలో మునిగిపోతూనే ఉన్నాను."

మేమిద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టాం. ఆపుకోవడం మా వల్ల కాలేదు. వీరరాఘవులు గారు చల్లారిపోయిన కాఫీ గ్లాసు తీసుకుని గటగటా తాగేసి, ఠక్కున కింద పెట్టారు.

"సరే. పెరట్లోనే. కానీ గుమ్మటం మాత్రం ఉండి తీరాలి!"

వంటింట్లో గరిటె కిందపడ్డ చప్పుడైంది.

*

శాంటొరినీకి ముప్ఫైమందే. మా పెరటికైతే అలా లెక్క పెట్టడం ఎవరి తరం? ధాత్రి స్నేహితులు, మీనాక్షి స్నేహితులు, వాళ్ల స్నేహితులు. వాటర్లూలో తెలుగు మాట్లాడే పిల్లలందరికీ తెలిసిపోయింది. నాకు కొత్త భయం పట్టుకుంది. మా ఇంటి వెనక డెక్కు, అంటే పెరట్లోకి దిగే చెక్క అరుగు ఉంది. అందరూ దానిమీద ఎక్కితే విరగదూ? మా ఆయన కిందికి దూరి రెండు కొత్త స్తంభాలు బిగించారు. నాకు నమ్మకం కలగలేదు.

"శాంటొరినీ పద్ధతి పెట్టండి" అన్నాను. "డెక్కు మీద పదిమందికి మించి వద్దు. మిగతావాళ్లు గడ్డిలో. వంతులవారీగా పైకి రమ్మనండి."

"మరి రుసుమో?" అన్నారు వీరరాఘవులు గారు ఫోన్‌లో, హుషారుగా.

కుర్చీలు చాలవు కదా అని అప్పుడే గుర్తొచ్చింది. "రుసుము కుర్చీ అన్నయ్యగారూ! ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకోవాలి."

"భేష్! రేవు అధికారిని నేనే."

అన్నట్టుగానే ముహూర్తం నాటి ఆదివారం పొద్దున ఆయన పట్టుపంచె కట్టుకుని, నెత్తిమీద తెల్ల టోపీ పెట్టుకుని మా పక్కసందు గేటు దగ్గర నిలబడ్డారు. "కుర్చీ ఏది? కుర్చీ లేకపోతే ఓడలోనే ఉండు బాబూ!" అని ఒక్కొక్కరినీ ఆపుతుంటే పిల్లలు విరగబడి నవ్వారు. మడత కుర్చీలు, ప్లాస్టిక్ కుర్చీలు, పీటలు. ఒక కుర్రాడైతే తన గదిలో చదువుకోవడానికి వాడే చక్రాల కుర్చీని వాటర్లూ నుంచి రైల్లో ఎక్కించుకుని, స్టేషన్ నుంచి మా ఇంటిదాకా రోడ్డు మీద దొర్లించుకుంటూ తెచ్చాడు. ఒక అమ్మాయి ఉత్తచేతులతో వచ్చింది. "అంకుల్, నేను నిలబడే ఉంటా" అంటే, "అయితే నీకు రుసుము మాఫీ, కానీ రెండు బూరెలు తినాలి" అని లోపలికి పంపారు.

డెక్కు వెనకాల మీనాక్షి, దాని జట్టు కలిసి అట్టపెట్టెలు కోసి, తెల్లరంగు వేసి, ఇళ్లు కట్టారు. పైన పెద్ద ఎక్సర్‌సైజు బంతిని సగం దాచి నీలం రంగు వేశారు. అదీ మా గుమ్మటం.

స్టావ్రోస్ గారిని జయదేవ్ వెళ్లి కారులో తెచ్చాడు. తెల్లటి కనుబొమలు, చేతికర్ర. ఆ గుమ్మటాన్ని చూసి ఆయన భుజాలు అదిరేలా నవ్వారు. ఇంగ్లీషులో ఏదో అన్నారు. మృదుల నాకు చెప్పింది, "ఆయనది అసలు శాంటొరినీ కాదట అమ్మా. వేరే చిన్న ఐలాండట. క్యాలెండర్ ఎవరో ఫ్రీగా ఇచ్చారట!"

"ఇన్నేళ్లూ చెప్పలేదేమయ్యా!" అన్నారు వీరరాఘవులు గారు ఇంగ్లీషులో.

"నువ్వడగలేదుగా" అన్నారట ఆయన.

మేము పంతులుగారికి చెప్పకపోవడం గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. స్టావ్రోస్ గారిని ఆ కుర్రాడు తెచ్చిన చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, బూరెలు పెట్టి, జనం మీద పరిమితి పెడితే మీవాళ్లకు కష్టం కదా అని మృదుల చేత అడిగించాను. లేదన్నారు. వాళ్ల చెల్లెలు శాంటొరినీలో కోడలట. వేసవిలో ఓడలన్నీ ఒక్కసారే ఆగితే ఆమె రొట్టె కొనుక్కోవడానికి కూడా సందు దాటలేదట. "జనం రావద్దని కాదు. ఇంట్లోవాళ్లకు ఊపిరాడాలి, వచ్చినవాళ్లకు కూర్చోను చోటుండాలి. అంతే" అన్నారట. అని మా పెరట్లో కుర్చీల వైపు చేయి చూపించి, బొటనవేలు పైకెత్తారు.

ముహూర్తం దగ్గరపడింది. మృదుల నీలం గాజులతో, జయదేవ్ తెల్ల పంచెతో డెక్కు మీద నిలబడ్డారు. విశ్వనాథం గారు, మేం నలుగురం, స్టావ్రోస్ గారు, హారతి పళ్లెంతో ధాత్రి. దానికి నా పాత గంధం రంగు చీర కట్టాను. జడ నేనే వేశాను. తాంబూలాలు మారాయి. ఉంగరాలు తొడిగారు. "హారతి ఇవ్వమ్మా" అన్నారు పంతులుగారు. ధాత్రి కర్పూరం వెలిగించింది. గాలికి ఒకసారి ఆరబోయి మళ్లీ నిలబడింది. అది పళ్లెం తిప్పుతూ, "వీడియో కాల్‌ల అయితే ఇంత వాసన రాకపోవు ఆంటీ" అని నా చెవిలో గొణిగి, ఏడ్చేసింది. నేనూ అంతే.

కళ్లు తుడుచుకుని చూస్తే కింద గడ్డిలో దాని స్నేహితులంతా మునివేళ్ల మీద లేచి చూస్తున్నారు. కొందరి చేతుల్లో ఫోన్లు. వాటిల్లోంచి ఒంగోల్లో, కరీంనగర్లో వాళ్ల అమ్మలు చూస్తున్నారు. నాకేమైందో తెలియదు.

"అక్కడెందుకర్రా, పైకి రండి! అక్షింతలు వేద్దురు గానీ, రండి, అందరూ రండి!"

పిల్లలు అలలా ఎక్కేశారు. డెక్కంతా నిండిపోయింది. అట్ట ఇల్లొకటి పక్కకు ఒరిగింది. నీలం గుమ్మటం కిందపడి, గడ్డిలో దొర్లుకుంటూ గేటు దగ్గర ఆగింది.

"చెల్లెమ్మా! పరిమితి, పరిమితి!" అని వీరరాఘవులు గారు టోపీ ఊపుతూ అరిచారు.

"ఇవాళ్టికి రేవు తెరిచేశాం అన్నయ్యగారూ!"

కాళ్లకింద చెక్క కిర్రుమంది. నేను శాంత వదిన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. తల మీద అక్షింతలు జల్లుగా పడుతున్నాయి. ఓడ టికెట్లు అక్టోబరుకు మార్చారు. అప్పుడు జనం పలచగా ఉంటారట, రుసుము కూడా తగ్గుతుందట. పెద్దవాళ్లం నలుగురమే వెళ్లాలట. ఆ భయం అప్పుడు పడతాను. కిర్రుమన్న డెక్కు మాత్రం విరగలేదు.